కాలేజీలో చేరిన పిల్లలు కాలేజీవాళ్లు అవుతున్నారా?

సంపాదకులు గారికి,

అయ్యా,

ప్రవేశాల సందర్భంగా మీ ఆదివారం అనుబంధంలో బెంగళూరు ఇంజినీరింగ్ కళాశాలల గురించి వచ్చిన కథనాన్ని శ్రద్ధగా చదివాను. ఏ బ్రాంచికి ఎంత ఫీజు, కర్ణాటక ప్రైవేటు కళాశాలల ప్రవేశ పరీక్ష కామెడ్‌కేలో ఏ ర్యాంకుకు ఎక్కడ సీటు రావచ్చు, ప్లేస్‌మెంట్లలో ఎంత జీతాలు వచ్చాయి, హాస్టల్ గదికి ఎందరు అన్న వివరాలన్నీ అందులో ఉన్నాయి. తల్లిదండ్రులకు అవన్నీ కావలసినవే. అయితే ఈ నగరంలో పద్దెనిమిదేళ్లుగా మొదటి సంవత్సరం విద్యార్థులకు గణితం చెబుతున్న తెలుగు అధ్యాపకురాలిగా, ఆ కథనంలో చోటు దొరకని ఒక విషయాన్ని మీ పాఠకుల ముందు కొంచెం విపులంగా పెట్టాలనిపించి ఈ లేఖ రాస్తున్నాను. చేరిన పిల్లవాడు ఆ కాలేజీని తనది అనుకోగలుగుతున్నాడా, అనుకోలేకపోతే ఏమవుతుంది, అనుకునేలా చేయడానికి కాలేజీ చేతిలో ఏముంది అన్నదే ఆ విషయం. దీనిమీద మనస్తత్వ శాస్త్రవేత్తలు మూడు దశాబ్దాలుగా చేస్తున్న పరిశోధన సీటు కోసం తిరిగే ఇళ్లవరకూ రాలేదు. కాలేజీలను నడిపేవారి గదులవరకూ వచ్చినట్టు కూడా నాకు కనిపించలేదు.

ఆంగ్లంలో ‘బిలాంగింగ్’ అనే ఈ భావానికి తెలుగులో ఒక్క మాట కోసం వెతకడం కన్నా పిల్లల ఫోను సంభాషణలు వినడం మేలని నా అనుభవం. సెప్టెంబరు నెలలో మా వరండాలో నిలబడి ఇంటికి మాట్లాడే తెలుగు పిల్లలు “ఇక్కడ వీళ్లు ఇంతే నాన్నా”, “వీళ్ల కాలేజీలో సెలవివ్వరంట” అంటూ ఉంటారు. ఏడాది తిరిగేసరికి వాళ్లలో చాలామంది “మా కాలేజీలో ఫెస్ట్ ఉందమ్మా, ఈ వారం రాను” అనడం మొదలుపెడతారు. కొందరు మాత్రం నాలుగో ఏట ప్రాజెక్టు సమర్పించే రోజున కూడా ‘వీళ్ల కాలేజీ’ అనే అంటారు. ‘వీళ్ల’ అనే మాట నుంచి ‘మా’ అనే మాటకు మధ్యనున్న దూరాన్నే పరిశోధకులు కొలుస్తున్నారు. మైత్రేయి గోపాలన్, షానన్ బ్రేడీ అనే ఇద్దరు 2020లో ప్రచురించిన అధ్యయనం అమెరికా దేశమంతటినీ ప్రతిబింబించే విద్యార్థుల సమాచారాన్ని తీసుకుంది. అందులో ఈ భావాన్ని కొలిచింది ఒకే ఒక్క వాక్యం: నేను ఈ కాలేజీలో భాగమని నాకు అనిపిస్తోంది. ఔననో కాదనో అయిదు మెట్ల కొలబద్ద మీద చెప్పాలి. నాలుగేళ్ల కోర్సుల కాలేజీల్లో మొదటి ఏడాది ఆ వాక్యాన్ని గట్టిగా ఔనన్నవారు మూడో ఏడాదికి చదువులో నిలబడడం, కాలేజీ సదుపాయాలను వాడుకోవడం, మానసికంగా ఆరోగ్యంగా ఉండడం ఎక్కువని వాళ్లు చూపించారు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవారు, జాతిపరంగా అల్పసంఖ్యాక వర్గాలవారు అదే కాలేజీల్లో ఆ వాక్యానికి తక్కువ మార్కులు వేశారని కూడా తేలింది.

ఈ అవసరం ఎంత మౌలికమైనదో 1995లోనే రాయ్ బౌమైస్టర్, మార్క్ లియరీ ఒక సుదీర్ఘ వ్యాసంలో వాదించారు. మనిషికి నలుగురిలో ఒకడిగా ఉండాలన్న కోరిక ముచ్చట కోసం కాదని, ఆకలి దప్పుల వంటిదని వాళ్ల వాదన. ఆ ఆకలి తీరడానికి వాళ్లు పెట్టిన షరతులు రెండు: తరచూ సామరస్యంగా కలుసుకోవడం ఒకటి, ఆ కలయిక వెనక ఒకరి మంచిచెడ్డలు ఒకరు పట్టించుకునే బంధం నిలకడగా ఉండడం రెండోది. చుట్టూ మనుషులుంటే సరిపోదని దీని అర్థం. ఇది చదివినప్పుడల్లా నాకు మన రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీలు గుర్తుకొస్తాయి. ఒకే గదిలో ఎనిమిది మంది, ఒకే హాల్లో రాత్రి పదింటివరకు స్టడీ అవర్స్, వారాంతపు పరీక్ష మార్కులను బట్టి మారిపోయే సెక్షన్లు, నెలకోసారి ఔటింగ్. రెండేళ్లపాటు ఒంటరిగా ఉండే క్షణమే లేని ఆ చోట, పక్కవాడు స్నేహితుడు కాకముందే సెక్షన్ మారిపోతుంది. అలా వచ్చిన పిల్లలకు బెంగళూరులో ఒక్కసారిగా ఎంత స్వేచ్ఛ దొరుకుతుందో అంత ఖాళీ కూడా దొరుకుతుంది. స్నేహం చేయడమన్నది వాళ్లు పదో తరగతిలో వదిలేసిన విద్య.

ఇక మా వైపు తప్పు కూడా చెప్పాలి. మా విశ్వవిద్యాలయం పరిధిలో ప్రతి విద్యార్థికీ పది అక్షరాల యూఎస్ఎన్ సంఖ్య ఉంటుంది. తరగతిలో అరవై మందికి పైగా ఉంటారు, హాజరు 85 శాతం కన్నా తగ్గకూడదు. కనుక ప్రతి గంటా హాజరు వేయాలి, వేసేటప్పుడు చివరి మూడంకెలు పిలుస్తాం. “జీరో ఫోర్ సెవెన్” అంటే “ప్రెజెంట్ మ్యామ్” అని ఎవరో అంటారు, తల ఎత్తకుండానే ఒక గీత పెట్టేస్తాం. నేనూ పదేళ్లు అలాగే చేశాను. తరవాత పేర్లతో పిలుద్దామని మొదలుపెట్టినప్పుడు తెలుగు పిల్లల విషయంలో నేను ఊహించని చిక్కు ఎదురైంది. మన పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు, పేరు వెనక ఉంటాయి. ఇక్కడి కంప్యూటరు మొదటి మాటనే పేరుగా తీసుకుని ఐడీ కార్డు మీద పెద్ద అక్షరాల్లో అచ్చు వేస్తుంది. ఒక పిల్లవాడి ఇంటిపేరు గుర్రం. కన్నడంలో గుర్రాన్ని కుదురె అంటారు కనుక ఇక్కడి అధ్యాపకులకూ తోటివారికీ ఆ మాట ఒక పేరు మాత్రమే. ఏ కల్మషమూ లేకుండా “గుర్రం, నువ్వు చెప్పు” అనేవారు. వెనక బెంచీల్లోని తెలుగు పిల్లలు మాత్రం సన్నగా సకిలించేవారు. నేను కూడా మొదటి వారం అదే పేరుతో పిలిచాను. నాలుగో రోజో అయిదో రోజో, తరగతి అయ్యాక అతను నా బల్ల దగ్గరికి వచ్చి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, “మేడమ్, నా పేరు వెనకాల ఉందండి” అన్నాడు.

నా హాజరు పట్టీలో అప్పటికప్పుడు దిద్దాను. ఐడీ కార్డు మారడానికి మూడో సెమిస్టరు వచ్చింది. దరఖాస్తు, నోటరీ కాగితం, రెండు సంతకాలు, ఒక తిరస్కరణ, మళ్లీ దరఖాస్తు. ఇది మా ఆఫీసు వాళ్ల దుర్మార్గం కాదు. ఆ గడిలో ఏం రాయాలో వాళ్లకెవరూ చెప్పలేదు. కానీ ఏడాదిన్నర పాటు తాత ముత్తాతల పేరుకు ‘ప్రెజెంట్’ పలికిన పిల్లవాడిని, నేను ఈ కాలేజీలో భాగమని నీకు అనిపిస్తోందా అని అడిగితే ఏమని జవాబిస్తాడు?

పరిశోధనకు తిరిగి వస్తాను. ఈ రంగంలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చే ప్రయోగాన్ని గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ చేశారు. అది 2011లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఒక పేరున్న అమెరికన్ కళాశాలలో మొదటి సంవత్సరం చదువుతున్న 92 మందిని తీసుకున్నారు. వారిలో 49 మంది నల్లజాతివారు, 43 మంది తెల్లవారు. కొందరికి పైతరగతుల విద్యార్థుల అనుభవాలు చదవడానికి ఇచ్చారు. వచ్చిన కొత్తలో ఇక్కడ నాకు చోటు లేదేమో అని మాకూ అనిపించింది, దాదాపు అందరికీ అనిపిస్తుంది, కాలక్రమంలో అది తగ్గింది అన్నది వాటి సారాంశం. చదివాక తమ అనుభవం దానికి ఎలా సరిపోతుందో ఒక వ్యాసం రాసి, వచ్చే ఏడాది చేరబోయేవారికి ఉపయోగపడుతుందని కెమెరా ముందు చదవమన్నారు. మొత్తం ఒక గంట పని. ఆ తరవాతి మూడేళ్లలో, ఆ గంట గడిపిన నల్లజాతి విద్యార్థుల మార్కులు మెరుగై, వాళ్లకూ తెల్లవారికీ మధ్య అంతరం సగానికి తగ్గింది. వాళ్లు తమ ఆరోగ్యం బాగుందని చెప్పారు, డాక్టరు దగ్గరికి వెళ్లడం కూడా తగ్గిందని చెప్పారు. తెల్లవారి మార్కుల్లో పెద్ద తేడా రాలేదు. తమకు చోటుందా అన్న అనుమానం వాళ్లకు మొదటినుంచీ అంతగా లేకపోవడమే దానికి కారణమని పరిశోధకుల వివరణ. అదే విద్యార్థులను ఏడు నుంచి పదకొండేళ్ల తరవాత మళ్లీ కలిసి అడిగితే, ఉద్యోగంలో, జీవితంలో సంతృప్తి కూడా ఎక్కువగా కనిపించింది. మధ్యలో వాళ్లు కాలేజీలో ఒక గురువునో పెద్దదిక్కునో సంపాదించుకోగలగడమే ఆ తేడాకు దారి అని 2020లో వచ్చిన వ్యాసం చెప్పింది.

ఒక గంటలో అంత మార్పా అని అనుమానం రావడం సహజం. నాకూ వచ్చింది. అయితే ఆ గంట పిల్లలకు కొత్త తెలివినేమీ ఇవ్వలేదు, అప్పటికే జరుగుతున్న వాటిని చదువుకునే తీరును మార్చింది. ఇంటర్నల్స్‌లో ఇరవైకి ఏడొస్తే “ఈ యూనిట్ అర్థం కాలేదు” అనుకునేవాడు నా దగ్గరికి సందేహం అడగడానికి వస్తాడు. “నేను ఇక్కడ ఉండాల్సినవాణ్ని కాదు” అనుకునేవాడు రాడు. రాకపోవడం వల్ల తరవాతి పరీక్షలో అయిదు వస్తాయి, దాంతో అతని అనుమానానికి రుజువు దొరుకుతుంది. ఆ చక్రం మొదటి తిప్పులోనే ఆగితే మిగిలిన నాలుగేళ్లూ వేరే దారిన పోతాయి. వీటన్నిటికీ తోడు, పక్కవాడు కూడా దిగులుపడుతున్నాడన్న సంగతి ఎవరికీ తెలియదు. అలెగ్జాండర్ జోర్డన్, ఆయన సహచరులు 2011లో ప్రచురించిన అధ్యయనాల్లో కాలేజీ విద్యార్థులు తోటివారి బాధలను ఉన్నదానికన్నా తక్కువగా అంచనా వేస్తారని తేలింది; ఎందుకంటే ఎవరికి వారు బాధను గదిలో దాచుకుని నవ్వును బయట చూపిస్తారు. అలా తక్కువగా అంచనా వేసేవారిలోనే ఒంటరితనం ఎక్కువ.

ఈ ప్రయోగం చదివిన తరవాత నేను మా విభాగంలో ఒక చిన్న పని మొదలుపెట్టాను. ఇది పరిశోధన కాదు. పోల్చి చూడడానికి మరో బృందం లేదు, లెక్కలు చెప్పేదాన్ని కనుక ఆ తేడా నాకు తెలుసు. మొదటి సెమిస్టరు ఆరో వారంలో ఒక గణితం గంటను పక్కన పెట్టి, అయిదో సెమిస్టరు పిల్లలు నలుగురిని పిలిచి, వాళ్ల మొదటి మూడు నెలలు ఎలా గడిచాయో ఉన్నదున్నట్టు చెప్పమంటాను. గెలుపు కథలు వద్దని ముందే షరతు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన ఒక అమ్మాయి, మెస్‌లో ఒంటరిగా కూర్చుని తినడం ఎవరైనా చూస్తారని భయపడి, అందరూ తిని వెళ్లాక తొమ్మిదికి అయిదు నిమిషాల ముందు వెళ్లేదాన్నని చెప్పింది. అప్పటికి చపాతీలు అయిపోయేవి, చల్లారిన అన్నం, కొంచెం తియ్యగా ఉండే ఇక్కడి సాంబారు. మూడో వారంలో గమనించిందట, మరో అమ్మాయి కూడా రోజూ సరిగ్గా అదే సమయానికి వచ్చి దూరంగా కూర్చుంటోందని. ఆమెది కర్ణాటకలోని హాసన్, కారణం అదే. “ఇద్దరం ఒకరినుంచి ఒకరం దాక్కున్నాం మేడమ్” అంది. రెండో వరసలో కూర్చున్న ఒక పిల్ల అప్పటివరకు నోట్సు మూలన గీస్తున్న ముగ్గు ఆపి తలెత్తి చూసింది. ఆ రాత్రి ఆ పిల్ల మెస్‌కు ఎన్నింటికి వెళ్లిందో నాకు తెలియదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే ఈ లేఖ అబద్ధమవుతుంది. ఇలాంటి మాటలు చెప్పేస్తే చాలు, పిల్లలు బాగుపడతారని కాలేజీలు అనుకునే ప్రమాదం ఉంది. అందుకే 2023లో వాల్టన్ నాయకత్వంలో ఒక పెద్ద బృందం అదే ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన ఫలితాలు నాకు మొదటి ప్రయోగం కన్నా ముఖ్యమైనవి. 22 కళాశాలలు, 26,911 మంది విద్యార్థులు. తరగతులు మొదలు కాకముందే, అరగంట లోపు పూర్తయ్యే అభ్యాసాన్ని ఆన్‌లైన్లో చేయించారు. మొదటి సంవత్సరాన్ని పూర్తికాల విద్యార్థులుగా ముగించినవారి సంఖ్య పెరిగింది, ముఖ్యంగా అంతవరకు వెనకబడుతున్న వర్గాల్లో పెరిగింది. కానీ అన్ని కాలేజీల్లోనూ కాదు. తమ వర్గం విద్యార్థులకు ఆ కాలేజీలో కలిసిపోవడానికి నిజంగా అవకాశాలున్న చోట మాత్రమే పెరిగింది. లేని చోట ఆ మాటల ప్రభావం కనిపించలేదు. విత్తనం మంచిదైతే చాలదు, నేల కూడా తగినదై ఉండాలని ఈ రంగంలోవారు తరచూ చెబుతారు. మా సీమ రైతు అయితే పదును లేని నేలలో ఎంత విత్తినా అంతే అంటాడు.

మన దేశంలో ఆ నేల సంగతి మాట్లాడేటప్పుడు కులం గురించి మాట్లాడకుండా దాటవేయడం కుదరదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో షెడ్యూల్డు కులాలు, తెగల విద్యార్థుల పరిస్థితిపై థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక, హాస్టళ్లలో వాళ్లను ఎలా వేరుగా ఉంచుతున్నారో నమోదు చేసింది. ర్యాంకు అడిగినట్టే అడిగి కులం తెలుసుకునే పద్ధతి బెంగళూరుకు కూడా మన పిల్లలతోపాటే రైలెక్కి వచ్చింది. అలాంటి చోట “అందరికీ మొదట్లో ఇలాగే ఉంటుంది, తరవాత సర్దుకుంటుంది” అని చెప్పడం ఓదార్పు కాదు, కళ్లకు గంతలు కట్టడం. ఆ అనుమానం పిల్లవాడి మనసులో పుట్టలేదు, గదిలో పుట్టింది. దాన్ని గదిలోనే సరిచేయాలి. అమెరికా ఫలితాలను యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోకూడదని నేను అనడానికి ప్రధాన కారణం ఇదే.

విషయం తీవ్రత గురించి రెండు అంకెలు చాలు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో ప్రాణాలు తీసుకున్న 1,70,924 మందిలో 13,044 మంది విద్యార్థులు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి తండ్రి వేసిన కేసులో, 2025 జూలై 25న సుప్రీంకోర్టు విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న చోట కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని, మార్కుల ఆధారంగా పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం మానాలని, సహాయ నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో కనిపించేలా రాయాలని అందులో ఉంది. ఫ్యాన్ల గురించి, మేడ మీది తలుపుల గురించి కూడా ఉంది. ఇవన్నీ అవసరమే. ఫ్యాన్ మార్చడం ప్రాణాన్ని ఆపగలిగిన సందర్భాలు ఉంటాయి. కానీ మా కాలేజీలో నేను చూసింది చెబుతాను: కౌన్సెలర్ వచ్చారు, మంచి మనిషి, కష్టపడతారు. గది ఇచ్చింది పరిపాలనా భవనంలో, అద్దాల తలుపు, ఎదురుగా ఫీజు కౌంటరు క్యూ. వేలమంది పిల్లలకు ఒకరే. ఆమెకు కన్నడం, ఆంగ్లం, హిందీ వచ్చు, తెలుగు రాదు. ఏడుపు వచ్చేటప్పుడు ఆంగ్ల వ్యాకరణం గుర్తు పెట్టుకోమని పిల్లలకు చెప్పలేం. అందుకే నేను తెలుగు పిల్లలకు మొదటి వారమే 14416 నంబరు రాసిస్తాను. అది 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవది. దానికి కేంద్రం ఈ ఊళ్లోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్సే అయినా, ఎక్కడినుంచి చేసినా పైసా ఖర్చు లేకుండా, రాత్రింబవళ్లు, తెలుగులో మాట్లాడవచ్చు.

బెంగళూరులో తెలుగు పిల్లల పరిస్థితికి కొన్ని ప్రత్యేకతలు ఉన్నాయి. అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు పిల్లలు శుక్రవారం సాయంత్రం సంచి భుజాన వేసుకుని మెజెస్టిక్ బస్టాండుకో కృష్ణరాజపురం రైల్వే స్టేషన్‌కో బయల్దేరతారు, సోమవారం మొదటి గంటకు నిద్రకళ్లతో వస్తారు. కాలేజీలో స్నేహాలు కుదిరేది శని ఆదివారాల్లో. ఆ రెండు రోజులూ వీళ్లుండరు. ఉత్తరాంధ్ర పిల్లలకు దసరాదాకా ఇల్లు లేదు కనుక మొదటి రెండు నెలలు ఎక్కువ ఏడుస్తారు, కానీ సంక్రాంతి నాటికి వాళ్లే ముందు కుదురుకుంటారని నా పరిశీలన. తల్లిదండ్రులు ఇది చదివి పిల్లల్ని ఇంటికి రానివ్వవద్దని నా ఉద్దేశం కాదు. మొదటి రెండు నెలల్లో నెలకు రెండు వారాంతాలైనా అక్కడే ఉండనిచ్చి చూడమంటున్నాను. వచ్చిన ప్రతిసారీ “మార్కులెన్ని” అని కాక “ఎవరితో తింటున్నావు” అని అడగమంటున్నాను.

తెలుగు పిల్లలంతా ఒక గుంపుగా తిరుగుతారని, ఎవరితోనూ కలవరని మా స్టాఫ్ రూములో ఫిర్యాదు వింటుంటాను. అందులో నేను సగమే ఒప్పుకుంటాను. కొత్త ఊళ్లో జ్వరమొస్తే గంజి కాచి పెట్టేది ఆ గుంపే. అది మొదటి గూడు, దాన్ని తప్పుపట్టకూడదు. కానీ ఆ గూటిలో హీరోలవారీగా, ప్రాంతాలవారీగా, అంతకన్నా లోతుగా కులాలవారీగా అరలు ఉన్నప్పుడు, అందులో చోటు దొరకనివాడు రెండు చోట్లా బయటివాడే అవుతాడు. కాలేజీ ఇచ్చే చోటు వాడికే అందరికన్నా ఎక్కువ అవసరం.

అలాంటి చోటు ఎక్కడ దొరుకుతుందో ముందుగా చెప్పలేం. మా విశ్వవిద్యాలయం కన్నడేతరులకు ‘బళకె కన్నడ’ అనే చిన్న పాఠ్యాంశం పెట్టింది, ఒక్క క్రెడిట్. దాన్ని పిల్లలు భారంగా తలుస్తారని అనుకున్నాను. ఒకసారి ఆ తరగతి పక్క గదిలో జవాబు పత్రాలు దిద్దుతుంటే ఒకటే నవ్వులు. వెళ్లి చూస్తే, నేను చెప్పిన ఆ గుర్రం ఇంటిపేరు పిల్లవాడు, తరగతిలో ఎప్పుడూ నోరు విప్పనివాడు, బోర్డు మీది కన్నడ అక్షరాలను కూడబలుక్కుని చదివేస్తున్నాడు. తెలుగు లిపి వచ్చినవాడికి కన్నడ లిపి సగం వచ్చినట్టే కదా. బీహారు నుంచి, ఝార్ఖండ్ నుంచి వచ్చిన పిల్లలు వాడి బెంచీ చుట్టూ మూగి ఇదేం అక్షరం, అదేం అక్షరం అని అడుగుతున్నారు. ఒకచోట తలకట్టు చూసి మోసపోయి తప్పు చదివాడు. కన్నడ మాస్టారు దిద్దారు, అందరితోపాటు వాడూ నవ్వాడు. ఆ కాలేజీలో తన దగ్గర ఉన్నది పదిమందికి పనికొచ్చిన మొదటి రోజు అదేనేమో. ఆ తరవాత వారం నా తరగతిలో రెండో వరసకు వచ్చి కూర్చున్నాడు.

అఖిల భారత సాంకేతిక విద్యామండలి మొదటి సంవత్సరం వారికి, కాలేజీకి అలవాటు పడడానికి, మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమం పెట్టింది. మా దగ్గర అది అయిదు రోజులకు కుదించుకుపోయింది, అందులోనూ మూడు రోజులు యాజమాన్యం ప్రసంగాలు, ప్లేస్‌మెంట్ స్లైడ్లు. ఆ మూడు వారాలూ పూర్తిగా జరిపి, పైతరగతి పిల్లలతో ఉన్నదున్నట్టు మాట్లాడించి, ప్రతి ఇరవై మందికి ఒక అధ్యాపకుణ్ని అప్పగించి, ఆ అధ్యాపకుడు ఆ ఇరవై పేర్లూ పట్టీ చూడకుండా చెప్పగలిగేలా చేయడానికి కొత్త భవనం అక్కర్లేదు. ఆరో వారంలో ‘నేను ఈ కాలేజీలో భాగమని నాకు అనిపిస్తోంది’ అన్న ఆ ఒక్క వాక్యం కాగితం మీద అడిగి, తక్కువ మార్కులు వేసినవారు ఏ హాస్టల్ బ్లాకులో, ఏ భాషవారిలో ఎక్కువ ఉన్నారో పేర్లు లేకుండా లెక్క చూడడానికి గణాంక శాస్త్రం తెలిసినవాళ్లు ప్రతి ఇంజినీరింగ్ కాలేజీలోనూ ఉన్నారు. అధ్యాపకులకు పనిభారం పెరుగుతుందన్నది నిజం. వారానికి పద్దెనిమిది గంటల పాఠాలు చెబుతూ ఇవన్నీ ఎప్పుడు చేయాలని నా సహోద్యోగులు అడుగుతారు. నేను ఒక యూనిట్ తొందరగా ముగించి ఆ గంట సంపాదిస్తున్నాను. అది సరైన పరిష్కారం కాదని నాకూ తెలుసు. యాజమాన్యం టైమ్‌టేబుల్లో ఆ గంట ఇవ్వాలి.

మీ పత్రికకు నా విన్నపం చిన్నది. వచ్చే ఏడాది ప్రవేశాల అనుబంధంలో కాలేజీల పట్టిక వేసేటప్పుడు ఫీజు, ప్లేస్‌మెంట్ గడుల పక్కన మరో నాలుగు గడులు చేర్చండి: మొదటి సంవత్సరంలో చేరినవారిలో రెండో సంవత్సరానికి ఎంతమంది మిగిలారు, ఇండక్షన్ ఎన్ని రోజులు జరిగింది, కౌన్సెలర్లు ఎందరు, వాళ్లకు ఏయే భాషలు వచ్చు. జవాబివ్వని కాలేజీ దగ్గర గడి ఖాళీగా వదిలేయండి. క్యాంపస్ చూడడానికి వచ్చే తల్లిదండ్రులు ల్యాబులు, జిమ్ము చూశాక, గేటు దాటేముందు ఒక రెండో సంవత్సరం తెలుగు పిల్లవాణ్ని పలకరించి కాసేపు మాట్లాడితే, ‘మా కాలేజీ’ అంటున్నాడో ‘వీళ్ల కాలేజీ’ అంటున్నాడో వినవచ్చు.

ఇట్లు,
భవదీయురాలు,
గణిత అధ్యాపకురాలు,
యలహంక, బెంగళూరు
(పేరు ప్రచురించవద్దని మనవి)